చక్రాలు నేల వదిలాక

ఫిబ్రవరి 3

ఆఫీసు నోటులో రాయకూడనివి ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. అందుకే ఈ పుస్తకం.

ముందు విషయం. దేశంలోని విమానాలన్నీ నమోదయ్యే మా రిజిస్టరులో ఒకే రకం విమానాలు అరవై నాలుగు ఉన్నాయి. వాటి కాక్‌పిట్ ముందు అద్దానికి మంచు పట్టకుండా అద్దం పొరల మధ్య హీటరు ఉంటుంది. అద్దం కింది మూలలో ఒక స్క్రూ దగ్గర కరెంటు లోపలికి వెళ్తుంది. విమానం అదురుకి ఆ స్క్రూ వదులవుతుంది. వదులైతే వైరు వేడెక్కుతుంది. మొదట వాసన. తర్వాత పొగ. తర్వాత నిప్పురవ్వలు. ఆపైన అద్దం లోపలి పొర పగులుతుంది. ఇదంతా పైలట్ మోకాలికి జానెడు దూరంలో.

స్క్రూ లేని కొత్త కనెక్టరును తయారీ కంపెనీ ఐదేళ్ల కిందటే చేసింది. మార్చుకుంటే మంచిది అని అన్ని ఎయిర్‌లైన్లకూ ఉత్తరం రాసింది. మార్చుకుని తీరాలి అని రాయలేదు. ఆ మాట అనాల్సింది భద్రతా కార్యాలయం. అంటే మేం. ఈ ఫైలు వరకు, నేను.

ప్రపంచం మొత్తం మీద నలభై ఒక్క రిపోర్టులు. మా రిజిస్టరు విమానాలవి తొమ్మిది. తొమ్మిదిలో ఎనిమిదింటి చివర ఒకటే వాక్యం: నేల మీద పరీక్షించాం, లోపం కనబడలేదు. తొమ్మిదో దాంట్లో అద్దం మార్చేశారు. పాత అద్దం ఎవరూ చూడకముందే తుక్కులోకి పోయింది.

ఫైలు తెరిచి మూడేళ్ల రెండు నెలలైంది. నా ముందున్నాయన రిటైరవుతూ నా చేతిలో పెట్టి పదకొండు రోజులైంది. ఇదొక్కటే కాస్త నానింది, మిగతావన్నీ తేలికే అన్నాడు.

ఫిబ్రవరి 9

మా అమ్మాయి డ్యూటీ రోస్టరు ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. కో-పైలట్‌గా చేరి పధ్నాలుగు నెలలు. నడిపేది ఆ అరవై నాలుగునే.

ఈ ఉద్యోగంలో ఏటా ఒక ఫారం నింపాలి. విమానయాన సంస్థల్లో భార్య గానీ, భర్త గానీ, ఆధారపడిన పిల్లలు గానీ పనిచేస్తున్నారా? అమ్మాయికి ఇరవై ఆరేళ్లు. నా మీద ఆధారపడి లేదు. లేరు అని టిక్ పెట్టాను. అబద్ధం కాదు.

ఇంకో రూలుంది. తయారవుతున్న ఉత్తర్వు గురించి ఎయిర్‌లైన్ సిబ్బందితో మాట్లాడకూడదు. ఎయిర్‌లైన్ సిబ్బంది పొద్దున మా వంటింట్లో కాఫీ కలుపుకుంటూ, నాన్నా, నీ మొహం ఫైలులా ఉందేంటి అని అడిగారు.

ఏం లేదన్నాను. వాళ్లమ్మ లెక్కల టీచరు, జవాబు పత్రాలు దిద్దుతూ అసలు తలెత్తలేదు. అమ్మాయి నా చెవి దగ్గరకు వంగి, చొక్కా వాసన వస్తోంది, జాగ్రత్త అని వెళ్లిపోయింది.

ఇది మా ఇంటి మాట. తనకు తొమ్మిదేళ్లప్పుడు, నా లైసెన్సు పరీక్ష రోజున, నాకు సాయం చేద్దామని చొక్కా ఇస్త్రీ చేయబోయి ఇస్త్రీపెట్టె దాని మీదే మరిచిపోయింది. అప్పటినుంచి ఏదైనా ముంచుకొస్తోందనిపిస్తే చొక్కా వాసన అంటుంది. పరీక్షకు వెళ్లే ముందు, వాళ్లమ్మకు కోపం వచ్చే ముందు.

ఫిబ్రవరి 17

మా డైరెక్టరు, పెద్దాయన, ఫైలు చూడలేదు.

ఫిబ్రవరి 18

చూడలేదు.

ఫిబ్రవరి 26

చూశాడు. మీటింగు పెట్టాడు.

అన్ని విమానాలకూ తొంభై రోజుల్లో కనెక్టర్లు మార్చాలని నా ప్రతిపాదన. ఎయిర్‌లైన్ల సంఘం తరఫున వచ్చినాయన చాలా మర్యాదస్తుడు. నా కుర్చీ కూడా ఆయనే జరిపాడు. అరవై నెలలు అడిగాడు. అద్దం విప్పాలంటే పెద్ద చెకింగులోనే వీలవుతుందండీ, విమానాల్ని ఊరికే నిలబెట్టలేం కదండీ అన్నాడు. పెద్దాయన ఇద్దరినీ చూసి, సరే, ముప్పై ఆరు అన్నాడు. కూరగాయల దగ్గర కూడా ఇంతకన్నా ఎక్కువసేపు బేరమాడతారు.

పొగ వస్తే అత్యవసరమే కదా సార్ అన్నాను. పొగ అని ఎవరు రాశారు, చూపించు అన్నాడు. తొమ్మిదిలో ఎనిమిది వాసన అనే ఉన్నాయి, తొమ్మిదోది అద్దం పగులు అని. నీ లెక్కన మా ఆవిడ సాంబ్రాణి వేసినా విమానాలన్నీ దింపాలయ్యా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తోంది.

అభ్యంతరాల గడువు లేకుండా వెంటనే అమలయ్యే అత్యవసర ఉత్తర్వుకు కావలసింది ఒకటే. మా రిజిస్టరు విమానంలో ధ్రువపడిన ఘటన. కాలిన ముక్క చేతిలో ఉండాలి, లేదా పొగ చూశామని సిబ్బంది రాయాలి.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ముప్పై ఆరు నెలల్లో, ఇప్పుడున్న వేగంతోనే, ఇలాంటివి మరో ఏడు. అందులో సురక్షితంగా దిగలేని విమానాలు సున్నా పాయింట్ రెండు. మా పట్టిక ప్రకారం అది భరించదగినది.

కాగితం మా ఆవిడ కంటపడింది. సున్నా పాయింట్ రెండు విమానం కూలడం నేనెప్పుడూ వినలేదే, ఏ ముక్క కూలుతుంది అని అడిగింది. సగటు అన్నాను. సగటు నాకు చెప్పకు, రోజూ పిల్లలకు చెప్పేది నేనే అంది. తర్వాత ఫ్రిజ్ వైపు చూసింది. కాగితం మడిచి నా చొక్కా జేబులో పెట్టింది. దాని గురించి మళ్లీ అడగలేదు.

మార్చి 11

విమానాలు బాగుచేసే హ్యాంగరుకు వెళ్లాను. ఈ ఉద్యోగానికి ముందు పందొమ్మిదేళ్లు అక్కడే మెకానిక్‌ని. నాతోపాటు చేరినవాడు ఇంకా అక్కడే ఉన్నాడు. అందరూ టార్చి అంటారు. రెండు చేతులూ పనిలో ఉంటే టార్చిలైటు పళ్ల మధ్య పెట్టుకుంటాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను బావా అనే పిలుస్తాడు.

ఆ ఎనిమిదింటిలో మూడింటికి లోపం కనబడలేదు అని సంతకం పెట్టింది వాడే. ఎలా పరీక్షించావురా అని అడిగాను. వాడికి చిరాకొచ్చింది. మాన్యువల్లో ఉన్నట్టే బావా, స్విచ్చి వేసి పది నిమిషాలు కూర్చుంటాం, పచ్చలైటు వెలిగితే పాస్, నువ్వు మాత్రం ఇంకెలా చేసేవాడివి అన్నాడు.

చేసి చూపించమన్నాను. ఇద్దరం కాక్‌పిట్‌లో కూర్చున్నాం. స్విచ్చి వేశాడు. పచ్చలైటు. పది నిమిషాలు పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. పచ్చలైటు. అద్దం మీద చేయి పెట్టాను. గోరువెచ్చగా ఉంది.

అప్పుడు తట్టింది. నేల మీద గాలి తగలదు కాబట్టి పూర్తి వేడి ఇస్తే అద్దం పాడవుతుంది. అందుకే చక్రాల మీద బరువున్నంతసేపు హీటరుకు సగం కరెంటే వెళ్తుంది. చక్రాలు నేల వదిలిన క్షణం నుంచే పూర్తి కరెంటు.

వదులైన స్క్రూ సగం కరెంటుకు ఏమీ అనదు. లోపం బయటపడేది గాల్లో. మేం వెతికేది నేల మీద.

టార్చికి ఇదే చెప్పాను. వాడు స్విచ్చి ఆపేశాడు. ఇది నాకు తెలుసు బావా అన్నాడు. నాకూ తెలుసు. వైరింగు బొమ్మలో చక్రాల స్విచ్చి ఎక్కడుందో ఇద్దరం ఇప్పుడైనా గీయగలం. తెలిసిన ఆ రెండు ముక్కల్నీ ఇన్నేళ్లలో ఎవరం పక్కపక్కన పెట్టలేదు.

స్క్రూ మీది కవరు విప్పి చూస్తే సరిపోయేది కదా అన్నాను. పచ్చలైటు వస్తే విప్పకూడదని మాన్యువల్, విప్పితే నా లైసెన్సు నువ్వే పీకుతావు అన్నాడు.

నా రోజుల్లో నేనూ రెండుసార్లు ఆ సంతకం పెట్టాను. ఆ విమానాలు ఏవో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. గుర్తు రావడం లేదు.

మార్చి 12

నేల మీది పరీక్ష పరీక్షే కాదు అని పెద్దాయనకు రెండు పేజీల నోటు ఇచ్చాను. పూర్తిగా చదివాడు. బ్రహ్మాండంగా పట్టుకున్నావయ్యా అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు.

తర్వాత రూలు చెప్పాడు. ఇది ఉత్తర్వులో చేరిస్తే ముసాయిదా మారినట్టు. మారితే అభ్యంతరాల గడువు మళ్లీ మొదటి నుంచి, ఇంకో తొంభై రోజులు. చేర్చకపోతే పాతది ముందుకు పోతుంది, కనెక్టరు మార్చేదాకా చేయమనే ఆ పనికిరాని పరీక్షతో సహా. ఏది కావాలో నువ్వే చెప్పు అన్నాడు.

తప్పు దిద్దితే ఆలస్యం. దిద్దకపోతే తప్పు. దిద్దమన్నాను.

మార్చి 19

అమ్మాయి మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. రావాల్సింది ఒంటిగంటకు. రాగానే తల స్నానం చేసింది. గంట తర్వాత మళ్లీ చేసింది. యూనిఫాం ఉతుకుల బుట్టలో వేయకుండా బాల్కనీలో గాలికి ఆరేసింది.

డ్యూటీ ఎలా ఉందన్నాను. ఎప్పటిలాగే అంది. ఆలస్యమైందే అన్నాను. ట్రాఫిక్ అంది. పళ్లెంలో సగం వదిలేసి లేచింది. ఎవరితోనైనా గొడవపడిందేమో అని మా ఆవిడతో అన్నాను. దాన్ని కాసేపు దాని మానాన వదిలెయ్, ప్రతిదాన్నీ ఇన్‌స్పెక్షన్ చేయకు అంది.

మార్చి 24

నలభై రెండో రిపోర్టు. వేరే దేశంలో, సముద్రం మీద. సిబ్బంది ఆక్సిజన్ మాస్కులు వేసుకుని, పగిలిన అద్దంలోంచి చూస్తూ దగ్గరి విమానాశ్రయంలో దింపారు. అందరూ క్షేమం.

పెద్దాయనకు చూపించాను. మన రిజిస్టరు కాదు కదా అన్నాడు. గొంతులో మాత్రం మునుపటి హుషారు లేదు.

మార్చి 30

ఫోనులో విమానాల్ని చూపించే యాప్ ఒకటి పెట్టుకున్నాను. నంబరు కొడితే ఆ విమానం మ్యాపు మీద పచ్చ గీతలా కదులుతుంది. అమ్మాయి ఎక్కిన ప్రతి విమానం చూస్తున్నాను. బయల్దేరే నిమిషం చేతిలో పని ఆపేస్తాను. దిగిందని చూపించాకే కుర్చీకి వీపు ఆనుతుంది. ఈ వారం పదహారుసార్లు.

ఇవాళ గీత మధ్యలో ఆగిపోయింది. నాలుగు నిమిషాలు. సిగ్నల్ సమస్య. ఆ నాలుగు నిమిషాలూ ఆఫీసు బాత్రూములో గోడ పట్టుకుని నిలబడ్డాను.

మా ఆవిడ ఫోను లాక్కుంది. ఇలా చూస్తే విమానం ఎగురుతుందా, చూడకపోతే పడిపోతుందా అని అరిచింది. అరిచాక తనే యాప్ తెరిచి, ఇప్పుడెక్కడుంది అని మెల్లగా అడిగింది.

ఏప్రిల్ 8, ఉదయం 11.20

కొత్త రిపోర్టు వచ్చింది. పదోది, మన రిజిస్టరులో. పేర్లు తీసేసి పంపుతారు. పైలట్ ఎవరో మాకు తెలియదు, తెలియకూడదు.

తరగతి: వాసన. నేల మీద పరీక్ష: లోపం కనబడలేదు. విమానం యాభై నిమిషాల్లో మళ్లీ బయల్దేరింది.

వివరణ నాలుగు లైన్లు. మూడో లైను: ఇస్త్రీపెట్టె కింద మరిచిపోయిన చొక్కాలాంటి వాసన.

ఘటన తేదీ మార్చి 19.

ఏప్రిల్ 8, ఉదయం 11.50

లేచి నీళ్లు తాగి వచ్చి మళ్లీ చదివాను. అదే లైను ఉంది.

ఏప్రిల్ 8, సాయంత్రం

బాల్కనీలో కూర్చోబెట్టి అడిగాను. రూలు ప్రకారం అడగకూడదు. చొక్కా అని ఎందుకు రాశావమ్మా అన్నాను. తన మొహంలో రంగు మారింది. నీ బల్ల మీదికే వస్తుందనుకోలేదు నాన్నా అంది.

తర్వాత అంతా చెప్పింది. ఎక్కిన పదో నిమిషంలో వాసన. కింది మూల నుంచి సన్నగా పొగ, దారపు పోగంత. తను చూసింది. కెప్టెన్ అటువైపు కూర్చున్నాడు, ఆయనకు కనబడలేదు. హీటరు ఆపేశారు, వెనక్కి వచ్చి దిగారు. రాసేటప్పుడు కెప్టెన్, ఇద్దరికీ తెలిసింది వాసనే కదా, ఆ మాటే రాయమ్మా, లేనిపోని ఎంక్వయిరీలు ఎందుకు అన్నాడట. తనకు ప్రమోషను పరీక్ష పెట్టేది ఆ కెప్టెనే.

మెకానిక్ వచ్చి స్విచ్చి వేసి కూర్చున్నాడట. పది నిమిషాలు. పచ్చలైటు. అదే విమానం, మళ్లీ తనే ఎక్కింది.

ఎక్కావా అన్నాను.

పచ్చలైటు వచ్చింది కదా నాన్నా అంది. దాన్ని నమ్మాలని చిన్నప్పుడు నువ్వే కదా నేర్పావు.

మాకెందుకు చెప్పలేదు అని వాళ్లమ్మ తలుపు దగ్గర్నుంచి అడిగింది. నాన్న మొహం చూడలేక అంది. ఎప్పుడు చూసినా నా విమానం నంబరు చదువుకుంటూ కూర్చుంటాడు, ఇది కూడా చెబితే ఏమైపోతాడు అంది.

నేను తనకు ఫైలు చెప్పలేదు. తను నాకు పొగ చెప్పలేదు. ఇరవై రోజులు ఒకే బల్ల దగ్గర భోంచేశాం.

ఏప్రిల్ 9

ఆ విమానం ఇవాళ నాలుగుసార్లు ఎగిరింది. పూర్తిగా నిండి. నూట ఎనభై సీట్లు.

ఒక్క విమానాన్ని ఆపి కవరు విప్పించే అధికారం నాకుంది. కారణం రాయాలి. రిపోర్టులో వాసన అనే ఉంది, పొగ అని నాకు చెప్పింది కూతురే. కారణం రాస్తే సంబంధం బయటపెట్టాలి. బయటపెడితే ఫైలు నా చేతిలోంచి పోతుంది.

ఎంత ఆలోచించినా ఇందులో రెండో దారి లేదు.

ఏప్రిల్ 10

రిపోర్టు రాసింది నా కూతురు అని మొదటి లైనులో రాసి, తనిఖీ ఉత్తర్వు మీద సంతకం పెట్టాను.

టార్చి కవరు విప్పాడు. పళ్ల మధ్య లైటు. లైటు తీసి, బావా, నువ్వే చూడు అన్నాడు.

స్క్రూ వేలితో తిరిగింది. చుట్టూ పాత్రకు అంటిన మసిలా నలుపు. వైరు తొడుగు కరిగి కారి గట్టిపడింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇరవై రెండు రోజులైనా ఇంకా ఆ వాసనే.

విప్పక ముందు ఇద్దరం స్విచ్చి వేసి చూశాం. పచ్చలైటే వెలిగింది.

విమానం ఆపేశాం. టార్చి మెట్ల మీద కూర్చుండిపోయాడు. నేను పాస్ చేసిన ఆ మూడూ ఇప్పుడెక్కడున్నాయి బావా అని అడిగాడు. యాప్ తెరిచి చూపించాను. మూడూ గాల్లో ఉన్నాయి.

ఏప్రిల్ 13

అమ్మాయి తన రిపోర్టు దిద్దింది. వాసన కొట్టేసి పొగ అని రాసింది, పేరుతో సహా. నేను చెప్పలేదు. కెప్టెన్ తనతో మాట్లాడటం మానేశాడట.

పెద్దాయన తలుపు వేసి మాట్లాడాడు. చేసింది సరైన పనే అన్నాడు. సరైన పనిని తప్పు మనిషి చేశాడు, అదే చిక్కు అన్నాడు. రిపోర్టు కూతురిది, తనిఖీ తండ్రిది, ఎయిర్‌లైన్ లాయర్లు ఊరుకోరు. స్క్రూ వేరే ల్యాబుకు వెళ్లాలి. ఎనిమిది వారాలు. అక్కడ ధ్రువపడితే అత్యవసర ఉత్తర్వు తనే సంతకం పెడతానన్నాడు.

ఈలోగా మిగతా అరవై మూడింటి కవర్లు ఊరికే విప్పి చూడమనండి సార్, ఒక్కోదానికి నలభై నిమిషాలు అన్నాను. ఏ ఉత్తర్వు కింద అన్నాడు.

ఫైలు నా దగ్గర్నుంచి తీసుకున్నారు. ఇకమీదట అది చూడాల్సిన ఆఫీసరు మే 4 దాకా సెలవులో ఉంది.

ఏప్రిల్ 20

నా బల్ల మీద ఇప్పుడు సీటు బెల్టు లేబుళ్ల ఫైలు ఉంది. అక్షరాల సైజు గురించి.

ఏప్రిల్ 27

రేపటి రోస్టరు వచ్చింది. నంబరు చూశాను. టార్చి పాస్ చేసిన మూడింటిలో ఒకటి.

అమ్మాయికి చూపించాను. రేపు మానెయ్యమ్మా, ఒంట్లో బాగాలేదని చెప్పు అన్నాను. ఇంతవరకూ బడికి కూడా అలా చెప్పమని అనలేదు.

సరే నాన్నా అంది. రేపు మానేస్తాను. ఎల్లుండి ఏది ఎక్కను, చెప్పు. అరవై మూడింటిలో బాగున్నది ఒకటి చెప్పు, రోజూ అదే అడుగుతాను.

రోస్టరు మళ్లీ ఫ్రిజ్ తలుపు మీద పెట్టాను.

యూనిఫాం చొక్కా తెచ్చి నాకిచ్చింది. నువ్వు చెయ్ నాన్నా అంది. ఇస్త్రీ చేశాను. ప్లగ్గు తీశాను. తీశానో లేదో అని రెండుసార్లు వెనక్కి వెళ్లి చూశాను.

ఏప్రిల్ 28

6.31. తలుపులు మూశారు.

6.38. కదిలింది. సగం కరెంటు. పచ్చలైటు వెలుగుతూ ఉంటుంది.

6.44. చక్రాలు నేల వదిలాయి.